ఆర్గన్ మాస్టారు ఊ కొట్టిన కథ

అక్టోబరు నెల, ఆఖరి ఆదివారం. కోతపండుగ ఆరాధన. హాజరు: పాస్టరు అయ్యగారు, అమ్మగారు, ఢిల్లీ ఆర్.కె. పురం సర్కారు క్వార్టర్ల కుటుంబాలు (దాదాపు అందరూ), జనక్‌పురి నుంచి నేనూ మా ఆవిడా, ఓల్డ్ రాజిందర్ నగర్ నుంచి సరిగ్గా భోజనం వేళకు చేరుకున్న సివిల్స్ విద్యార్థులు (వీళ్లను లెక్కపెట్టడం నాకు ఏనాడూ సాధ్యం కాలేదు, కూర్చున్నచోట కూర్చోరు). వాతావరణం: మంచు కాదు, పొగ.

ఆనాటి నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఆ రోజుల్లో నేను కుర్రవాణ్ణి. వయసు అరవై ఒకటి. నవ్వకండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను పుట్టు ముసలివాణ్ణి. ఫైళ్లు, నోటింగులు, తొమ్మిదింటి చార్టర్డ్ బస్సు, అందులో కిటికీ పక్క సీటు. రిటైరయ్యాకే ఈ ప్రపంచంలో నేనెంత జూనియరునో తెలిసింది. పాలప్యాకెట్లు తేవడంలో మా ఆవిడ నాకంటే సీనియరు, పార్కులో నడవడంలో కాలనీ ఆంటీలు సీనియర్లు, మొబైల్లో కరెంటు బిల్లు కట్టడంలో ఇస్త్రీ భయ్యా సీనియరు. అన్నిట్లోనూ కొత్తగా చేరినవాణ్ణి కాబట్టి కుర్రవాణ్ణే అని నా వాదన. ఆ కుర్రతనంలో నేను చేసిన ఒక పని గురించి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నా సంగతి కొంత చెప్పాలి. మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. ఒక పాత ఇంగ్లీషు చర్చిలో పొద్దున వాళ్ల ఆరాధన, తరువాత హిందీ వాళ్లది, మధ్యాహ్నం మాది, సాయంత్రం తమిళుల వంతు. ఆ చర్చిలో కాళ్లతో తొక్కి వాయించే ఒక పాత ఆర్గన్ ఉంది. పెళ్లికాక ముందు నుంచీ దాని ముందు నేనే కూర్చుంటున్నాను. ఆర్గన్ గోడవైపు తిరిగి ఉంటుంది కాబట్టి, సంఘానికి నా వీపు మాత్రమే తెలుసు. (ఒకసారి మెట్రోలో మా సంఘస్థుడొకాయన నన్ను వెనకనుంచి గుర్తుపట్టి పలకరించి, నేను ఇటు తిరగ్గానే ఎవరో అనుకుని క్షమాపణ చెప్పాడు.) అదే నాకు సుఖంగా ఉండేది. నలుగురిలో నోరు తెరవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాని పని. పాట జనం పాడతారు, ప్రార్థన అయ్యగారు చేస్తారు, నేను స్వరలిపిలో ఏముంటే అది వాయిస్తాను. పుట మా ఆవిడ తిప్పుతుంది. ప్రార్థన చివర అయ్యగారి గొంతు మెల్లగా కిందికి దిగి ఆగిందంటే, రెండు మెట్లు నొక్కి ఆమెన్ అందిస్తాను, సంఘమంతా ఆమెన్ అంటుంది. ఈ అలవాటు నాలో ఎంత ఇంకిపోయిందంటే, ఆఫీసులో డైరెక్టరుగారు మీటింగు ముగిస్తూ గొంతు దించగానే నా వేళ్లు బల్లమీద ఆమెన్ వాయించేవి. ఆయన దాన్ని అసహనం అనుకుని ఒక ఏడాది నా రిపోర్టులో అలాగే రాశారు.

ఇంట్లో కూడా నేను తక్కువ మాట్లాడే మనిషినే. మా ఆవిడ ఏదైనా చెబుతుంటే పేపరు చదువుతూ వింటాను. వింటానన్నది నా మాట. "మీకు చెప్పడం కంటే ఫ్రిజ్‌కి చెప్పడం నయం, అది మధ్యమధ్య గుర్రుమనైనా అంటుంది" అన్నది ఆవిడ మాట.

ఇక కోతపండుగ. తొలిపంట తెచ్చి దేవుడి బల్లమీద పెట్టడం, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేయడం మా ఆనవాయితీ. ఢిల్లీలో మాకు పంటలెక్కడివి? గవర్నమెంటు క్వార్టర్ల పెరట్లో కాసిన సొరకాయలు, బాల్కనీ కుండీల్లో పండిన గుప్పెడు పచ్చిమిరపకాయలు, అవీ లేనివాళ్లు ప్రెషర్ కుక్కరో దుప్పటో తెచ్చి పెడతారు. నేను ఏటా ఒక సొరకాయ పాడుకుంటాను. ఆ ఏడు ఎవరో కొత్తాయన సంగతి తెలియక నా సొరకాయ పాడేసుకున్నాడు. నేను కాస్త ఖంగు తిన్నాను. తరువాత బల్లమీదినుంచి కొయ్యతో చేసిన ఒక చిన్న డొల్ల పాత్ర పైకెత్తి చూపించారు. చూడగానే బియ్యం కొలిచే మానిక అనుకున్నాను. చిన్నప్పుడు మా ఇంట్లో అలాంటిది ఉండేది. మానికకు అడుగున తోలెందుకు, లోపలినుంచి తాడెందుకు అన్న ఆలోచన రాకుండానే చెయ్యెత్తేశాను. ఎవరూ పోటీకి రాలేదు. రసీదు రాసిచ్చారు.

భోజనాల దగ్గర ఒక అమ్మాయి విస్తరాకు ప్లేటుతో వచ్చి నా ముందు నిలబడింది. పార్వతీపురం దగ్గరి పిల్ల. సివిల్స్‌కు చదువుతోంది. మా సంఘంలో సభ్యురాలు కాదు, ఏ సంఘంలోనూ కాదు. రూమ్మేటుతో కలిసి కోడికూర కోసం వస్తున్నానని అయ్యగారితోనే చెప్పిన మనిషి. (అయ్యగారు "మొదటి శిష్యులు కూడా చేపలకోసమే బయలుదేరారమ్మా" అన్నారట.)

"మాస్టారూ, మీరు మా తాతని కొనీసేరు" అంది.

సంగతేమిటంటే అది మానిక కాదు, జముకు, కథ చెబుతూ వాయించే వాయిద్యం. వాళ్ల తాతగారు ఊరూరా జముకుల కథ చెప్పిన మనిషి. భోజనాలయ్యాక స్నేహితులకు వాయించి చూపిద్దామని తెచ్చి, ద్వారం పక్కన బల్ల ఖాళీగా కనిపిస్తే దానిమీద పెట్టింది. అది అర్పణల బల్ల. మా పెద్దలు దాన్నీ పంటలో కలిపేశారు. నేను వెంటనే జముకు ఆమె చేతికి ఇవ్వబోయాను. కానీ రసీదు అయిపోయింది, రద్దు చేయాలంటే కమిటీకి అర్జీ పెట్టాలి, ఆ అర్జీ ఎలా రాయాలో నేను ఆమెకు వివరంగా చెప్పడం మొదలుపెట్టాను. ఆమె కోడికాలు తింటూ అంతా విని, "వొద్దులెండి. మీ దగ్గరే ఉంచండి. నా రూములో ఇది వాయిస్తే ఓనరు గెంటేస్తాడు. నేనే ఆదివారాలొచ్చి మీకు నేర్పుతాను. ఆంటీ కూర బాగుందని విన్నాను" అంది. నాకంటే ముందు మా ఆవిడ సరేనంది.

అలా నేను అరవై ఒకటో ఏట విద్యార్థినయ్యాను. జముకు చూడని వాళ్ల కోసం చెబుతాను. డొల్లకు ఒక మూతి తోలుతో బిగించి ఉంటుంది. ఆ తోలు నడుమనుంచి ఒక నరంతీగ బయటికొస్తుంది. దాని చివర చిన్న కర్రముక్క. డొల్లను ఎడమ చంకలో ఇరికించి, ఎడమ చేత్తో కర్రముక్క లాగిపట్టి, కుడిచేత్తో తీగను మీటాలి. లాగితే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. మొదటిరోజు నేను మీటినప్పుడు వచ్చిన శబ్దానికి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, కడుపునొప్పా అని అడిగింది. మూడోరోజు కింది అంతస్తు పంజాబీ ఆంటీ పైకి వచ్చి, "అంకల్‌జీ, ఆప్‌కా పానీకా మోటర్ ఖరాబ్ హై క్యా?" అని ఎంతో ఆప్యాయంగా విచారించి, తనకు తెలిసిన ప్లంబరు నంబరు కూడా ఇచ్చి వెళ్లింది.

కానీ నిజం చెప్పొద్దూ, నాకు లోపల ఏదో సంతోషం పట్టుకుంది. ఆర్గన్‌లో ఒక మెట్టు నొక్కితే ఒకే స్వరం, పక్కమెట్టు నొక్కితే పక్కస్వరం. ఆ రెండు మెట్ల మధ్య సందులో ఇంతమంది కాపురం ఉంటున్నారని నాకు అన్నేళ్లూ తెలియదు. జముకు గొణుగుతుంది, సాగదీస్తుంది, బుంగమూతి పెడుతుంది, ఉన్నట్టుండి పకపకా నవ్వుతుంది. ఒక ఉదయం బాల్కనీలో కూర్చుని, వీధిలో తోపుడుబండి భయ్యా "ఆలూ లేలో, ప్యాజ్ లేలో" అని అరిచే ఫక్కీని యథాలాపంగా జముకు మీద పలికించాను. ఆ భయ్యా బండి ఆపి, పైకి చూసి, "హాఁ జీ అంకల్, కిత్నా దూఁ?" అన్నాడు. కొననని చెప్పడానికి మొహమాటపడి రెండు కిలోల ఉల్లిపాయలు తీసుకున్నాను. నా సంగీతానికి జవాబు రావడం జీవితంలో అదే మొదటిసారి. ఆ రోజంతా ఇంట్లో ఈలవేస్తూ తిరిగాను. మా ఆవిడ రెండుసార్లు నా నుదురు తాకి చూసింది.

అంతవరకూ బాగానే ఉంది. క్రిస్మసు కార్యక్రమంలో తెలుగు సంఘం అంశంగా జముకుల కథ పెడదామన్నారు అయ్యగారు. యేసు పుట్టుక కథ, ఆ అమ్మాయి చెప్పాలి, నేను జముకు వాయించాలి. ఆమె రెండు రోజుల్లో సువార్త చదివేసి (చదవడం వాళ్లకొక లెక్కా), తాతగారి బాణీలో కథ కట్టేసింది. మొదటి రిహార్సల్లో నేను తప్పు లేకుండా వాయించాను. ఆమె సగంలోనే ఆపేసి చతికిలబడింది.

"మాస్టారూ, మీరు ఊ కొట్టరేటి?"

ఊ కొట్టడమేమిటన్నాను. అప్పుడు చెప్పింది. జముకు పట్టినవాడు వాయిస్తే సరిపోదట. కథ చెప్పేవాడికి వంత పలకాలి. ఆఁ అనాలి, ఆ తరవాత ఏమైందని అడగాలి, మధ్యలో ఎకసెక్కమాడాలి. "లేపోతే కథ ముందుకెల్లదు. మా తాతకి వంతగాడు పోయినాక, ఇంకెవులూ ఊ కొట్టినోల్లు లేక కథే మానీసేడు. అందుకే జముకు నాకిచ్చీసేడు. ఆ రోజు వీడియోలో చూస్తానన్నాడు. మీరిలా రాయిలా కూచుంటే నేను ఒక్కదాన్నీ పిచ్చిదానిలా అరిచినట్టుంటాది."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నలుగురి ముందు, నలుగురివైపు తిరిగి, నోరు తెరిచి మాట్లాడాలి. నేను తెరవకపోతే ఆ పిల్ల చెప్పే కథ మధ్యలోనే చచ్చిపోతుంది, అదీ వాళ్ల తాత చూస్తుండగా. అయ్యగారికి ఫోన్ చేసి, కథ బదులు ఆర్గన్ మీద ఒక చక్కని క్రిస్మసు గీతం వాయిస్తానని చెప్పబోయాను. మా ఆవిడ దుప్పటి మడతపెడుతూ విని, కోపమేమీ లేకుండానే, "ముప్పైయేళ్లుగా నాకే ఊ కొట్టని మనిషి, ఆ పిల్లకు కొడతారని నేనేమీ అనుకోలేదులెండి" అంది. నేను ఫోన్ పెట్టేశాను.

పట్టుదల వచ్చింది. నాకు పట్టుదల వస్తే పద్ధతి వస్తుంది. కథ మొత్తం రాయించుకుని, ఎక్కడ ఎన్ని మాత్రలు ఆగాలో లెక్కగట్టి, నా మాటలను అట్టముక్కల మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. నాలుగు మాత్రలు విరామం, "ఆఁ." ఎనిమిది మాత్రలు విరామం, "ఆ తరవాత?" తరువాతి అట్టమీద "(నవ్వు)" అని కూడా రాసుకున్నాను. రెండు చేతులూ జముకుకే సరిపోతాయి కాబట్టి, అట్టలు తిప్పే పని మా ఆవిడకు అప్పగించాను. ఇబ్బందల్లా ఆ అమ్మాయితోనే. ఒకనాడు సాగదీసిన మాట మరునాడు కుదిస్తుంది. గొల్లవాళ్లు చలికి వణికే చోట ఒకసారి ఢిల్లీ డిసెంబరును తెచ్చి కలిపేసింది. నా "ఆ తరవాత?" వెళ్లి దేవదూత మాట మధ్యలో పడింది. పైగా ఆమె గొంతు దించి ఆగినచోటల్లా నా కుడిచెయ్యి దానంతటది రెండు దెబ్బలు వేసేది. ఆర్గన్ మీది ఆ రెండు మెట్లే.

"మాస్టారూ, మీ చెయ్యికి బాప్తిస్మం బాగా పట్టీసింది" అని నవ్వేది.

క్రిస్మసుకు ముందు ఆదివారం వచ్చింది. చర్చి హాలు నిండింది. ఆర్.కె. పురం వాళ్లు పిల్లాజెల్లాతో వచ్చారు. వాళ్ల పిల్లలు ముందువరసలో కూర్చుని హిందీలో గొడవపడుతున్నారు. వేదిక మీద నా కుర్చీని సంఘంవైపు తిప్పి వేశారు. వాళ్లందరికీ ముఖాలున్న సంగతి అప్పుడే చూశాను. నా పక్కన స్టూలు మీద మా ఆవిడ, ఒడిలో అట్టలు. ఎదురుగా రూమ్మేటు ఫోను పట్టుకుని నిలబడింది. అందులో, చిన్న గడిలో, తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన చెవి కనిపిస్తోంది. (ఆయన కార్యక్రమమంతా ఫోను చెవికే పెట్టుకుని చూశాడు.)

అమ్మాయి గజ్జెలు కట్టుకుని కథ ఎత్తుకుంది. మొదటి రెండు అట్టలూ అదృష్టం కొద్దీ సరిపోయాయి. నా "ఆఁ" సన్నగా వచ్చినా, వచ్చింది. సత్రంలో చోటు దొరకని ఘట్టంలో ఆమె సత్రం యజమానిని రాజిందర్ నగర్ ఓనరుగా మార్చేసింది. "రెండు నెల్ల అడ్వాన్సు, ఫ్యామిలీకి ఇవ్వం, నాన్‌వెజ్ వండరాదు" అనేసరికి విద్యార్థులు కేకలు పెట్టారు. మా ఆవిడ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటోంది. అట్ట తిప్పడం మరిచిపోయింది. నేను చూపులతో ఎంత సైగచేసినా చూడలేదు. నా ముందు "(నవ్వు)" అన్న అట్టే ఉంది. కథ మాత్రం హేరోదు రాజు కోటలోకి వెళ్లిపోయింది.

"బిడ్డ పుట్టినాడని ఇన్నాడు హేరోదు. పైకి నవ్వినాడు. ఎక్కడ పుట్టినాడో చెప్పండి, నేనూ ఎల్లి మొక్కుతాను అన్నాడు. లోపల మాత్రం..." అంటూ ఆమె గొంతు మెల్లగా, ఇంకా మెల్లగా కిందికి దించింది. "ఈ రాజ్యంలో రాజు నేనే. ఆ బిడ్డని నేను బతకనివ్వను."

ఆగింది. నా వంతు. అట్టమీద ఆధారమేమీ లేదు. నా కుడిచెయ్యి జముకు మీద రెండు దెబ్బలు వేసింది. ఆ వెంటనే, పెళ్లికాక ముందు నుంచీ లోపల మూతపెట్టి ఉంచినదంతా ఒక్కసారి పగిలినట్టు, నా నోట్లోంచి గంభీరంగా ఒక మాట వచ్చింది.

"ఆమెన్."

అంతటితో పోయేది. కానీ అన్నేళ్లుగా నా రెండు దెబ్బలకు అలవాటుపడిన సంఘం కూడా, పిల్లలూ పెద్దలూ, ముక్తకంఠంతో "ఆమెన్" అంది. అయ్యగారు చెయ్యి నుదుటిమీద పెట్టుకున్నారు. యేసుక్రీస్తు ప్రభువును చంపాలన్న హేరోదు తీర్మానాన్ని మా తెలుగు సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది.

నా చెవులు కాలిపోయాయి. లేచి పోయి ఆర్గన్ ముందు గోడవైపు తిరిగి కూర్చుందామనుకున్నాను. ఆ పిల్ల మాత్రం బెదరలేదు. నడుంమీద చెయ్యి పెట్టుకుని నావైపు తిరిగింది.

"ఏటి మాస్టారూ, మీరు హేరోదు పార్టీలోకి ఎప్పుడు చేరిపోనారు?"

అందరూ నావైపే చూస్తున్నారు. ఇక్కడ నేనేమీ ఆలోచించలేదని ప్రమాణం చేసి చెప్పగలను. "జీవితమంతా సర్కారు కొలువు చేసినవాణ్ణి తల్లీ. గద్దెమీద ఎవరుంటే వాళ్ల మాటకు ఆమెన్ అనడం ఒక్కటే నాకు తెలుసు" అన్నాను.

ఆర్.కె. పురం వరసలు లేచాయి. అండర్ సెక్రటరీలూ, సెక్షన్ ఆఫీసర్లూ, వాళ్ల భార్యలూ (భార్యలు ఇంకా ఎక్కువగా) పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ పిల్ల వదల్లేదు. "ఇప్పుడు రిటైరైపోనారు కదా. ఇప్పుడైనా చెప్పండి, ఆ రాజు చేసింది నాయమా?" అంది.

"అన్యాయం" అన్నాను. "పెన్షన్ ఆర్డరు చేతికి వచ్చింది గనుక ధైర్యంగా చెబుతున్నాను. పరమ అన్యాయం."

ఇక కథ పరుగెత్తింది. నేను అడుగుతున్నాను, ఆమె చెబుతోంది. నేను వెక్కిరిస్తే జముకు కూడా వెక్కిరించింది. నక్షత్రం వెంట వచ్చిన జ్ఞానులు దారి తప్పితే మెట్రో మారాల్సిన స్టేషను చెప్పాను. మా ఆవిడ ఎప్పుడో అట్టలన్నీ మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టేసుకుంది. కథ ముగిసేసరికి తమిళులు తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, భాష తెలియకపోయినా నవ్వుతున్నారు. మేం హాలు ఆలస్యంగా వదిలిన రోజు అదొక్కటే. బయటికి వచ్చాక అమ్మాయి ఫోను నా చెవికి పెట్టింది. అవతలినుంచి తాతగారి గొంతు: "బాబూ, వోయింపు ఇంకా కుదర్లేదు. నోరు మాత్రం వంతగాడి నోరే. మూసీయకు."

ఆ అమ్మాయి ఇప్పుడు విజయనగరంలో పాఠాలు చెబుతోంది. జముకు ఇంకా నా దగ్గరే ఉంది. రసీదు నా పేరునే ఉంది కదా. ఆర్గన్ కూడా వాయిస్తున్నాను, ఇప్పటికీ గోడవైపు తిరిగే. అయితే ప్రార్థన ఆఖర్న నేను మెట్లు నొక్కేముందు, వెనక ఆర్.కె. పురం వరసలో ఎవరో ఒకరు నవ్వు ఆపుకోవడం ప్రతి ఆదివారం నా వీపుకు తెలుస్తుంది. మోకాళ్లనొప్పుల ఈ వయసులో, చంకలో డొల్ల పెట్టుకుని, ఎర్రబడిన చెవులతో కూర్చున్న ఆ అరవై ఒకటేళ్ల కుర్రవాడు గుర్తొస్తే నాకూ నవ్వొస్తుంది. వాణ్ణి చూసి కాస్త అసూయ కూడా.

ఆ కార్యక్రమం మర్నాటి ఉదయం సంగతి రాసి ముగిస్తాను. సోమవారం. నేను బాల్కనీలో పేపరు తెరిచాను. మా ఆవిడ కాఫీ గ్లాసు తెచ్చి, ఇచ్చి, లోపలికి పోబోతూ, గోడతో అన్నట్టుగా, "రాత్రి మా చెల్లెలు ఫోన్ చేసింది" అంది.

"ఆఁ" అన్నాను. "ఆ తరవాత?"

ఆవిడ ఆగిపోయింది. వెనక్కి వచ్చి, నా ఒళ్లో అట్టముక్కలేమైనా ఉన్నాయేమోనని చూసింది. పేపరు తీసి పక్కన పెట్టింది. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అసలు మొదటినుంచీ చెప్పాలంటే," అంది, "అది దాని పెళ్లిచూపులనాటి సంగతి."

కాఫీ చల్లారిపోయింది. ఆ రోజు డైరీ పేజీలో వాతావరణం గురించి ఏమీ లేదు. ఎండ ఎప్పుడు వచ్చిందో నేను చూడనే లేదు.